పదవ తరగతి దాటక ముందే

హైటెక్ సిటీలో సైబర్ టవర్స్, గచ్చిబౌలిలో ట్రిపుల్ ఐటీ 1998లోనే ఆరంభమైనవి. నాటినుండి ఆ చుట్టుపట్ల తల్లిదండ్రుల చూపు పదవ తరగతి ముగియగానే ఎం.పి.సి. మీదికి పోవుచున్నది. అందు తప్పులేదు. పొట్టకూటి చదువును హేళన చేయుట మా తెలుగు పంతుళ్లకు అలవాటే గాని, అది న్యాయము కాదు.

ఆ దారిని నడచి ఇంజనీరింగులో చేరిన పిల్లలను, ‘నాటి పదవ తరగతి విద్యార్థికి నేడు మీరేమి చెప్పుదురు?’ అని అడిగితిమి. లెక్కలు ఇంకను చేయుమనువారు కొందరు. పెక్కుమంది మాట వేరు: ‘మార్కుల కొరకు తెలుగును విడువకుము.’

ఇంటర్మీడియట్‌లో మక్కువతో సంస్కృతము చదువువారికి నమస్కారము. నూటికి తొంబదిపైన వచ్చునని మాత్రమే దానిని పట్టువారిని గూర్చియే మా విచారము. ఈఏపీసెట్ ఇంజనీరింగు పరీక్షలోని 160 ప్రశ్నలలో 80 గణితము, 40 భౌతిక, 40 రసాయన శాస్త్రములవి. ఆ ర్యాంకులో భాషల మార్కులకు పాలు లేదు. ‘నా చదువేమిటో నాయనమ్మకు చెప్పబోయి నాలుగు మాటలకే ఆగిపోయితిని’ అని ఒక విద్యార్థిని వ్రాసినది.

తెలంగాణలో 2018 నాటి చట్టము తెలుగును పదవ తరగతి వరకే తప్పనిసరి చేసినది. ఆపైని ఎంపిక పదునైదేండ్ల పిల్లవానిది. నిజమునకు, దరఖాస్తు నింపిపెట్టు గుమాస్తాది. ఉపాధ్యాయులకు మా మనవి ఒక్కటే: ఆ దరఖాస్తులో ద్వితీయ భాష అను గడి యుండునని, దానిని తామే ఆలోచించి నింపవలెనని, పరీక్షలకు ముందే పిల్లలకు చెప్పుడు.