సభకు వచ్చినవాడి పాస్‌పోర్టు

బహిరంగసభ అంటే తలుపులేని సభ. దారిన పోయేవాడు నిలబడి వినవచ్చు. నచ్చకపోతే తన దారిన తాను పోవచ్చు. నీ పేరేమిటి, నీ దేశమేది, నిన్నెవరు పంపారు అని అడిగేవాడు అక్కడ వుండడు. అలా అడిగేవాణ్ణి గుమ్మంలో నిలబెట్టిన మరుక్షణం అది బహిరంగసభ కాకుండా పోతుంది. సర్కారువారి పెరట్లో జరిగే పేరంటమవుతుంది. పిలుపు అందినవాళ్ళే రావలసి వుంటుంది.

థాయిలాండ్‌లో సభలకూ ఉత్సవాలకూ వచ్చే విదేశీయుల మీద సాగే తనిఖీలను గురించి రాయబోతూ ఈ మాట ముందుగా చెప్పవలసి వచ్చింది. ఆ తనిఖీలను సమర్థించేవాళ్ళు అదొక మామూలు పోలీసు ఏర్పాటంటారు. “పాస్‌పోర్టు చూపితే ఏం పోయింది? తప్పు చేయనివాడికి భయమెందుకు?” అంటారు. మన విద్యార్థుల్లో, ఉపాధ్యాయుల్లో కూడా ఈ మాట అనేవాళ్ళున్నారు. వారిలో కొందరు మరో అడుగు ముందుకు వేసి, విదేశీయుణ్ణి అదుపులో పెట్టడం జాతీయ సార్వభౌమత్వానికి గుర్తనీ, అభ్యుదయవాదులు దానిని ఆక్షేపించరాదనీ వాదిస్తారు. ఈ రెండు వాదాలూ తప్పు. ఎందుకు తప్పో థాయిలాండ్ చరిత్రే చెబుతుంది.

ముందు భద్రత వాదాన్ని చూద్దాం. 2016 అక్టోబరు 13న రాజు భూమిబోల్ మరణించాడు. నివాళి అర్పించడానికి బాంకాక్ రాజభవనం ఎదుటనున్న సనామ్ లువాంగ్ మైదానానికి నెలల తరబడి జనం తరలివచ్చారు. 2017 అక్టోబరు 26న దహనసంస్కారం జరిగింది. మైదానం చుట్టూ తనిఖీ కేంద్రాలు పెట్టారు. స్వదేశీయుడైతే గుర్తింపు కార్డు, విదేశీయుడైతే పాస్‌పోర్టు చూపాలి. ఏడవడానికి వచ్చినవాడు సైతం కాగితం చూపి ఏడవాలన్నమాట! అంత జనసమ్మర్దంలో జాగ్రత్త అక్కరలేదా అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. రాజు మరణానికి 14 నెలల ముందు, 2015 ఆగస్టు 17న, అదే నగరంలో ఎరావన్ మందిరం దగ్గర బాంబు పేలి 20 మంది చనిపోయారు. 100 మందికి పైగా గాయపడ్డారు. చనిపోయినవారిలో ఎక్కువమంది విదేశీయులే. ఆ దారుణాన్ని తేలిక చేసి మాట్లాడేవాడు ప్రజల పక్షాన వున్నవాడు కాడు.

అయితే ఆ దారుణం నేర్పిన పాఠమేమిటి? ఆగస్టు 29న మొదటి నిందితుణ్ణి పట్టుకున్న చోట పోలీసులకు దొంగ పాస్‌పోర్టులు కట్టలుగా దొరికాయి. సరిహద్దులో లంచాలు నడిచాయన్న ఆరోపణలు వచ్చి కొందరు ఇమిగ్రేషన్ అధికారులను బదిలీ చేశారు. అంటే, కాగితాలు కావలసినవాడికి కాగితాలకు కొదవ లేదు. నిజమైన కాగితం ఒక్కటే వున్న అమాయకుడే వరుసలో నిలబడ్డాడు.

నీ సంచిలో ఏమున్నది అని చూసే తనిఖీ వేరు. నీవెవరు అని అడిగే తనిఖీ వేరు. మొదటిది ప్రమాదాన్ని వెదుకుతుంది. మంత్రికైనా కూలీకైనా ఒకటే. సంచి మూయగానే అది ముగుస్తుంది. రెండవది మనిషిని వెదుకుతుంది. అతని పేరును పుస్తకంలోకి ఎక్కిస్తుంది. సభ ముగిసి జెండాలు దించినా అది ముగియదు. సంచులు చూడండి, ఆయుధాలను పసిగట్టే యంత్రాలు పెట్టండి, కాదనడం లేదు. కాని పాస్‌పోర్టు పుటల్లో బాంబు కనపడదు. అక్కడ కనపడేది పేరు, జాతి, పుట్టిన వూరు. వాటిమీద అంత ఆసక్తి ఎవరికి, ఎందుకు?

ఈ గుమ్మం తనిఖీ ఒంటరిది కాదు. పెద్ద గొలుసులో చివరి లంకె. 1979 నాటి ఇమిగ్రేషన్ చట్టంలోని 38వ సెక్షన్ ప్రకారం, విదేశీయుడు ఏ ఇంట్లో దిగినా ఆ ఇంటివాళ్ళు 24 గంటలలోగా అధికారులకు తెలియజేయాలి. 37వ సెక్షన్ ప్రకారం, 90 రోజులు దాటి వుండేవాడు ప్రతి 90 రోజులకూ తన చిరునామా విన్నవించుకోవాలి. చాలాకాలం ఎవరూ అంతగా పట్టించుకోని 38వ సెక్షన్‌ను 2019లో బిగించి అమలుపెట్టారు. అతిథికి అన్నం పెట్టిన ఇల్లాలు, చేయి కడుక్కుని పోలీసులకు కబురు పంపాలి! ఇంట్లో ఒక కన్ను, వీధిలో ఒక కన్ను, సభాద్వారంలో మరొక కన్ను.

సరే, ఈ కళ్ళు ఎవరిమీద పడతాయి? 2019లో దాదాపు 4 కోట్లమంది యాత్రికులు థాయిలాండ్ వచ్చారు. డబ్బు తెచ్చారు గనక చిరునవ్వుతో స్వాగతం దొరికింది. కాని ఆ దేశంలో రొయ్యలు ఒలిచేవాడు, సముద్రంలో వల లాగేవాడు, మేడలకు ఇటుకలు మోసేవాడు కూడా విదేశీయుడే. బర్మా, కంబోడియా, లావోస్‌ల నుంచి లక్షలాదిగా వచ్చిన శ్రామికులు వాళ్ళు. 2006, 2007 సంవత్సరాల్లో ఫుకెట్, రనోంగ్, ఫాంగా, సూరత్ థానీ వంటి రాష్ట్రాలలో వీరికోసం ప్రత్యేక ఉత్తర్వులు పుట్టాయి. రాత్రిపూట బయట తిరగరాదు. ఐదుగురికి మించి గుమికూడరాదు. సెల్‌ఫోన్ మీద ఆంక్ష, మోటారుసైకిలు మీద ఆంక్ష. చేపల పరిశ్రమకు కేంద్రమైన సముత్ సఖోన్‌లో 2007లో మరో ఆదేశం వచ్చింది: ఈ కార్మికులు తమ సాంస్కృతికోత్సవాలు జరుపుకోరాదట. వాళ్ళ చేతులు కావాలి; ఆ చేతులు చప్పట్లు మాత్రం కొట్టరాదు!

ఇక సంఘం సంగతి. 1975 నాటి కార్మిక సంబంధాల చట్టం ప్రకారం, కార్మిక సంఘాన్ని స్థాపించేవాడు థాయ్ జాతీయుడై వుండాలి. కార్యవర్గంలో కూర్చునేవాడు పుట్టుకతో థాయ్ జాతీయుడై వుండాలి. బర్మా కార్మికుడు సభ్యుడుగా చేరి చందా కట్టవచ్చు. లేచి నాయకత్వం వహించరాదు. ఐదుగురికి మించి కూడితే నేరం, పండుగ చేస్తే నేరం, సంఘం పెడితే నేరం అయినవాణ్ణి సభాద్వారంలో ఆపి కాగితం అడిగితే అది భద్రత అవుతుందా? యాత్రికుడికి ఆ అడగడం ఒక నిమిషం విసుగు. కూలీకి అది రేపటి కూడు. కాగితంలో ఒక తేదీ దాటితే యజమాని దయ, పోలీసు దయ, చివరికి నిర్బంధ కేంద్రం. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అని మన పెద్దలన్నది ఇలాంటి చోటనే.

ఇప్పుడు సార్వభౌమత్వ వాదానికి వద్దాం. విదేశీయుణ్ణి ప్రశ్నించడం సామ్రాజ్యవాదాన్ని ప్రశ్నించడమే అయితే మనమందరం ఆ పని మెచ్చుకోవలసిందే. కాని లెక్క చూడండి. 1960ల చివరి సంవత్సరాల్లో థాయ్ నేలమీద 50 వేలకు చేరువగా అమెరికన్ సైనికులుండేవారు. ఉటాపావ్, ఉడోన్, కోరాట్‌లలో వారి విమానాలు దిగేవి. ఉటాపావ్ నుంచి లేచిన బి-52లు ఇండోచైనా ప్రజల నెత్తిన బాంబులు కురిపించాయి. ఆ విదేశీయులను ఏ గుమ్మంలో ఎవరాపారు? సరిగ్గా అదే కాలంలో, 1946లో ఫ్రెంచి సైన్యం ధాటికి మెకాంగ్ నది దాటి వచ్చిన వియత్నాం శరణార్థులు ఈశాన్య థాయిలాండ్‌లో నిర్ణీత ప్రాంతాలకు కట్టుబడి వుండవలసి వచ్చింది. ఎల్లలు దాటాలంటే అనుమతి కావాలి. బాంబు వేయడానికి వచ్చిన విదేశీయుడికి విమానస్థావరం, తుపాకిని తప్పించుకుని వచ్చిన విదేశీయుడికి తనిఖీ! ఈ సార్వభౌమత్వం ఎవరి ముందు వంగింది, ఎవరి ముందు నిక్కింది?

ఇంకొక సంగతి. 1928లో ఒక వియత్నాం విప్లవకారుడు మారుపేరుతో సయామ్ చేరి, ఉడోన్, నఖోన్ ఫనోమ్ ప్రాంతాల్లో ప్రవాస వియత్నాం ప్రజల మధ్య ఏడాదికి పైగా పనిచేశాడు. ఆయన హో చి మిన్. ఆయనకు ఆశ్రయమిచ్చిన ఇంటివాళ్ళు 24 గంటల్లో కబురు పంపి వుంటే, ఆయన మాట్లాడిన ప్రతి చావడి ముందూ కాగితం అడిగేవాడు వుండి వుంటే ఏమయ్యేదో ఆలోచించండి. విదేశీయుల తనిఖీని సార్వభౌమత్వమని మెచ్చుకునే మిత్రులు, ఆ తనిఖీకి దొరికి వుండవలసినవాడు ఎవరో ఒకసారి గుర్తుచేసుకోవాలి.

అసలు విదేశీయుడు పుట్టడు, తయారవుతాడు. 1972 డిసెంబరులో సైనిక ప్రభుత్వం 337వ విప్లవ శాసనం జారీచేసింది. పేరు చూసి మోసపోకండి. అందులో విప్లవం లేదు. తల్లిదండ్రులు తాత్కాలికంగానో, అనుమతి లేకుండానో వచ్చినవారైతే, థాయ్ నేలమీద పుట్టిన బిడ్డలకు సైతం ఆ శాసనం పౌరసత్వం లేకుండా చేసింది. నిన్న రాత్రి పౌరులుగా పడుకున్నవాళ్ళు తెల్లవారి విదేశీయులుగా లేచారు. ఆ అన్యాయాన్ని సరిదిద్దే చట్టం కోసం 2008 దాకా కాచుకోవలసి వచ్చింది.

తర్వాత 1976 అక్టోబరు 6. ఆ వుదయం థమ్మసాత్ విశ్వవిద్యాలయంలో సభచేస్తున్న విద్యార్థుల మీద పోలీసులూ మితవాద మూకలూ విరుచుకుపడ్డారు. అధికార లెక్కల ప్రకారమే 40 మందికి పైగా చనిపోయారు. ఆ మూకలను రెచ్చగొట్టడానికి ప్రచారం చేసిన మాటల్లో ఒకటి: లోపలున్నవాళ్ళు థాయ్‌లు కారు, వియత్నాంవాళ్ళు! చచ్చిపోయింది థాయ్ తల్లుల బిడ్డలు. కాని చంపడానికి ముందు వాళ్ళను విదేశీయులను చేయవలసి వచ్చింది. “నీవెవరు?” అనే ప్రశ్నకు చివరి మెట్టు అదే.

ఆ మారణకాండకు 40 ఏళ్ళు నిండిన సందర్భంలో చులాలాంగ్‌కోర్న్ విశ్వవిద్యాలయ విద్యార్థులు సభ పెట్టి హాంకాంగ్ యువకుడు జోషువా వాంగ్‌ను ఆహ్వానించారు. 2016 అక్టోబరు 5న అతణ్ణి సువర్ణభూమి విమానాశ్రయంలోనే గంటల తరబడి నిర్బంధించి తిప్పిపంపారు. అతని రాజకీయాలతో మనం ఏకీభవించనక్కరలేదు. 2014 ఆరంభంలో, ఎన్నికైన ప్రభుత్వాన్ని దించడానికి సాగిన ఆందోళన వేదికెక్కినందుకు, దశాబ్దాలుగా బాంకాక్‌లో వుంటున్న ఒక భారతీయ వ్యాపారిని దేశం నుంచి పంపివేయాలని ఉత్తర్వు చేశారు. ఆ ఆందోళన మే 22 సైనిక కుట్రకు దారి తీసింది. దానితో మనకు రవ్వంత సానుభూతి లేదు. అయినా ఆ ఉత్తర్వును ఖండించవలసిందే. మనవాడి కోసం మాత్రమే తెరవమనే తలుపు, ఎదుటివాడి చేతికి అధికారం రాగానే మన ముఖాన మూసుకుంటుంది.

అలా మూసుకున్నది కూడా. 2017 జూలైలో చియాంగ్ మైలో థాయ్ అధ్యయనాల అంతర్జాతీయ మహాసభ జరిగింది. దేశదేశాల పండితుల మధ్య మఫ్టీలో సైనికాధికారులు తిరిగారు. విద్వత్సభ సైనిక శిబిరం కాదని కాగితం పట్టుకున్నందుకు ఐదుగురి మీద కేసు పెట్టారు. వాళ్ళు విదేశీయులు కారు, థాయ్ పౌరులు. 2018 డిసెంబరు దాకా కోర్టు ఆ కేసు కొట్టివేయలేదు. అదే ఏడు సెప్టెంబరులో, బర్మా సైన్యాధిపతులకు శిక్ష పడుతుందా అని చర్చించడానికి విదేశీ విలేఖరుల క్లబ్బులో పెట్టిన సమావేశాన్ని పోలీసులు వచ్చి ఆపివేశారు. పరాయివాడి మీద చేయి తిరిగిన తర్వాత సొంతవాడి మీద ఎత్తడానికి ఎంతసేపు?

ఇన్ని కళ్ళున్న ఆ రాజ్యం నిజమైన నేరాన్ని చూసిందా? మన తెలుగు జిల్లాల యువకులు ఉద్యోగాల ఆశతో బాంకాక్‌లో దిగారు. విమానాశ్రయంలో వాళ్ళ పాస్‌పోర్టులు చూశారు, ముద్ర వేశారు. దళారులు వాళ్ళను మే సోట్ మీదుగా సరిహద్దు దాటించి, బర్మాలోని సైబర్ మోసాల కొట్టాలకు అమ్మివేశారు. 2025లో మే సోట్ నుంచి విమానాల్లో వందలాది భారతీయులను తీసుకురావలసి వచ్చింది. వారిలో మనవాళ్ళూ వున్నారు. సభకు పోయేవాణ్ణి ఆపగల తనిఖీ, బానిసగా అమ్ముడుపోతున్నవాణ్ణి ఆపలేకపోయింది. ఆపడం దాని పని కాదు గనక.

ఇది చదివి, మన దేశం నయమని గుండెమీద చేయివేసుకోకండి. విదేశీ అతిథి దిగితే 24 గంటల్లో ఫారం పంపే నిబంధన మనకూ వున్నది. 2024 ఫిబ్రవరిలో, రాజ్యాంగం మీద కర్ణాటక ప్రభుత్వం పెట్టిన సదస్సుకు ఆ ప్రభుత్వం ఆహ్వానం మీదనే బ్రిటన్ నుంచి వచ్చిన ఒక కాశ్మీరీ అధ్యాపకురాలిని బెంగుళూరు విమానాశ్రయం నుంచే తిప్పిపంపారు. చులాలాంగ్‌కోర్న్‌కూ బెంగుళూరుకూ దూరమెంత?

కనుక థాయ్ ప్రజాస్వామికవాదులు కోరుతున్నదాని పక్కన మనం నిలబడదాం. సభాద్వారంలో సంచి చూడవచ్చు, పేరు అడగరాదు. అడిగిన పేరు రాసుకోరాదు. వలస కార్మికుడు గుమికూడటం, పండుగ చేసుకోవడం, సంఘం పెట్టి దానిని నడపడం నేరం కారాదు. ఈ మాటలు బాంకాక్ కోసమే కాదు. మీ కళాశాలలో రేపు ఒక సదస్సు పెడతారు. పరదేశపు వక్త పేరు అనుమతుల దస్త్రంలో నెలల తరబడి తిరుగుతుంది. ఎందుకు వచ్చిన గొడవ, ఆ పేరు తీసివేద్దాం అని ఎవరో అంటారు. ఆ సమావేశంలో మీరూ వుంటారు. ఆ పేరు తీయవద్దని లేచి చెప్పండి.