ఆ చింతపండు అవతల పెట్టండి

ఇత్తడి బిందె తోమితే బంగారంలా మెరుస్తుంది. రాగి చెంబు తోమితే అద్దమవుతుంది. కాబట్టి ఇనుము తోమినా ఏదో ఒకటి అవుతుందని మన నమ్మకం. ఏ పాత వస్తువు ఇంటికి తెచ్చినా "కాస్త చింతపండు వేసి తోమవోయ్" అనటం మగవాళ్ళకి అలవాటు. మారు మాట్లాడకుండా తోమెయ్యటం మనకలవాటు. ఈ రెండు అలవాట్ల మధ్యా చిక్కి, మన నేలలో వందల ఏళ్ళు భద్రంగా పడున్న వస్తువులు రెండు రోజుల్లో పొట్టయిపోతున్నాయంటే నాకు ఒళ్ళు మండదూ మరి!

నేననేది కత్తిపీట సంగతి కాదు. మీ అత్తగారి కత్తిపీట తుప్పు పట్టిందా, హాయిగా ఇటుక పొడి వేసి రుద్దండి, కిరసనాయిలు రాయండి, పొడిగా తుడిచి నాలుగు చుక్కలు నూనె పట్టించండి. అది మీ సొత్తు. రేపు దాంతో వంకాయలు తరగాలి. అట్ల పెనమూ అంతే. మట్టిలోంచి బయటపడ్డ ఇనుము గురించి నా గోలంతా.

మన గుంటూరు, ప్రకాశం జిల్లాల సంగతి మీకు చెప్పాలా? 2022లో జిల్లాల్ని ముక్కలు చేశాక పల్నాడూ, బాపట్లా వేరయినాయి గానీ నేల ఎక్కడికీ పోలేదు. పల్లెల్లో రాకాసిగుళ్ళంటారే, బండరాళ్ళు పేర్చిన పాతకాలపు సమాధులు, వాటిల్లో పోయినవాళ్ళతో పాటు కుండలూ, ఇనుప పనిముట్లూ కూడా పెట్టేవారు. రెండు వేల ఏళ్ళ పైమాట. నాగార్జునసాగర్ నీళ్ళు ముంచెత్తబోతున్నాయని 1954 నించి 1960 దాకా నాగార్జునకొండ లోయంతా తవ్వినప్పుడు అటువంటి సమాధులూ బయటపడ్డాయి. ఇక రెడ్డిరాజుల కొండవీడు ఉండనే వుంది. 1515లో కృష్ణదేవరాయలు పట్టుకున్న కోట. ఇంత చరిత్ర నడిచిన నేలలో ట్రాక్టరు నాగలికి ఒక ఇనుప ముక్క తగిలితే వింతేముంది?

మా బంధువొకాయన మిరప చేలో దుక్కి దున్నించేటప్పుడు దొరికిందని ఈటె మొన లాంటిదొకటి ఇంటికి తెచ్చారు. తెచ్చి, టీవీ పక్కన పెట్టుకోవాలి, మెరిసేట్టు చెయ్యమని భార్య చేతికిచ్చారు. ఆవిడ పాపం చింతపండూ ఉప్పూ కలిపి తోమింది. వదల్లేదు. బాత్రూం యాసిడ్ పోసి నానబెట్టింది. ఆనక ఉప్పుకాగితం పట్టింది. నేను వెళ్ళేసరికి అది అల్లిక సూదంత అయి కూర్చుంది. "ఎంత తోమినా తెల్లబడదేం వదినా?" అని నన్నడిగింది. తెల్లబడటానికి అందులో ఇనుము మిగిలితేగా!

అసలు కిటుకు అక్కడే వుంది. మన పెనం మీద తుప్పు పైపైన అంటుకున్న జబ్బు. వందల ఏళ్ళు మట్టిలో వున్న వస్తువుకి తుప్పే ఒళ్ళు. లోపలి ఇనుము చాలావరకు తుప్పుగా మారిపోయి వుంటుంది. ఆ వస్తువు మొదట్లో ఎంత వెడల్పు, అంచు ఎట్లా వుండేది అన్న ఆనవాలు ఆ తుప్పు పొరల్లోనే నిలిచి వుంటుంది. తుప్పంతా వదిలిస్తే మిగిలేది వస్తువు కాదు, దాని ఎముక. కొన్నిటి మీదయితే పిడికి వేసిన కర్ర నారలూ, చుట్టిన గుడ్డ నేతా కూడా తుప్పులో అచ్చు పడి వుంటాయి. పత్తి పండించే నేలలో వున్నవాళ్ళం, ఏనాటి నేతో ఆనవాలుగా కనిపిస్తే పీచుతో గీకి పారేస్తామా?

ఉప్పు సంగతి మరీ ఘోరం. ఇనుముకి ఉప్పు ఆగర్భ శత్రువు. మట్టిలో వుండగా పీల్చుకున్న ఉప్పే దాన్ని లోపల్నించి తింటూ వుంటుంది. బయటి గాలి తగిలాక ఆ తినటం జోరవుతుంది. పెచ్చులూడుతుంది, ముత్యాల్లాంటి బొట్లు చెమరుస్తుంది. దానికి మనం ఇంకాస్త ఉప్పు దట్టిస్తున్నాం! బాత్రూం యాసిడ్ కూడా ఆ జాతిదే. ఈ ఉప్పుని బయటికి లాగటానికి మ్యూజియం వాళ్ళు క్షార ద్రావణాల్లో నెలల తరబడి నానబెడతారు. కరక్కాయలో వుండే వగరు పదార్థముందే, టానిన్, దాంతో తుప్పుని నల్లటి గట్టి పొరగా మారుస్తారు కూడా. కలంకారీ వాళ్ళ నలుపు రంగూ ఆ సంబంధంతో పుట్టిందే. కరక్కాయ పట్టించిన బట్ట మీద తుప్పు ఇనుమూ బెల్లమూ ఊరబెట్టిన నీళ్ళతో గీస్తారు. అలాగని ఇంట్లో కరక్కాయలు నూరుతూ కూర్చోకండి, అది చదివినవాళ్ళ పని.

ఢిల్లీలో ఇనుప స్తంభం పదహారు వందల ఏళ్ళుగా నిలబడిందంటే, దాని మీద పట్టిన పల్చని పొరే కాపాడిందని శాస్త్రజ్ఞులు తేల్చారు. జనం వచ్చి వెనక్కి చేతులు వేసి వాటేసుకుని ఆ పొరని అరగదీస్తున్నారని 1997లో చుట్టూ కంచె కట్టారు.

కారంపూడి వీర్లగుడిలో వీరుల ఆయుధాలకి ఏటేటా నాగులేట్లో స్నానం చేయిస్తారుగా, వాటికేమయిందని మీరడగొచ్చు. కార్తీక అమావాస్య నించి అయిదు రోజులు జరిగే ఆ ఉత్సవాలంటే నాకూ గౌరవమే. కానీ అది మనుషుల చేతుల్లో వుంటూ వచ్చిన ఇనుము. మట్టిలో పాతుకుపోయి లేచిన ఇనుము వేరు. బాలింతకీ పహిల్వానుకీ ఒకటే పత్యమా?

ఇంకో రకం వాళ్ళున్నారు, గుప్తనిధుల వాళ్ళు. పాత గుళ్ళ వెనకా, కోట గోడల కిందా అర్ధరాత్రి మిషను పట్టుకుని తిరిగే పుణ్యాత్ములు. ఆ మిషన్లలో ఇనుము మీదికి వెళితే కూత కుయ్యకుండా మీట పెట్టుకోవచ్చట! కుయ్యకపోతే బతికిపోయినట్టే. కానీ బంగారం కోసం తవ్విన గోతిలో ఇనుము వస్తే దాన్ని గట్టు మీద పారేసి పోతారు. అమరావతి దీపాలదిన్నె గతేమయింది? రాళ్ళ కోసం వాసిరెడ్డి వారి మనుషులు తవ్వారు. 1797లో మెకంజీ దొర వచ్చి చూసి రాసుకున్న తర్వాత కూడా ఎన్నో చలవరాతి బొమ్మలు సున్నమై పోయాయి. ఇవాళ మిగిలినవి చూడాలంటే మద్రాసుకీ లండనుకీ పోవాలి.

చట్టముందా అంటే భేషుగ్గా వుంది. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం నేలలో దొరికిన దాని విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకి తెలియజెయ్యాలి. కానీ పాత ఇనుము కిలోల్లెక్కన కొనేవాడు వీధి గుమ్మంలోనే వుంటాడు, కలెక్టరు గారెక్కడో వుంటారు!

"ఇస్తే మాత్రం వాళ్ళూ ఏ మూలో పడేస్తారు" అని మా వాళ్ళ వాదన. పడెయ్యనివ్వండి. ఏ చేలో, ఎంత లోతులో దొరికిందో చెప్పే చీటీతో మూల పడున్న ముక్క, చీటీ లేకుండా టీవీ పక్కన తళతళలాడే ముక్క కన్నా వెయ్యి రెట్లు నయం. ఈసారి మీ వారు అటువంటిది చేతికిస్తే మట్టి కూడా దులపకండి. తడి తగలనీకుండా డబ్బాలో పెట్టండి. కొత్త చెప్పుల పెట్టెల్లో తేమ పీల్చే పొట్లాలొస్తాయే, అవి రెండు పక్కన వెయ్యండి. చీటీ మీద ఊరూ, సర్వే నెంబరూ, తారీఖూ రాయండి. తాసిల్దారు ఆఫీసుకి మాత్రం ఆయన్నే వెళ్ళమనండి.