ప్రాణము నిలుపువారికి పరీక్ష యెక్కడ?

భీమునిపట్నపు తీరమున, గోస్తనీనది సముద్రమున గలియుచోట, అలలలో చిక్కిన యువకు నొకని జాలరులు ఒడ్డునకు జేర్చిరనుకొందము. అతనికి శ్వాస ఆడుట లేదు. ఎవరో 108కు ఫోను చేసిరి, వాహనము వచ్చినది. ఇచ్చటినుండి విశాఖపట్నమందలి కింగ్ జార్జి ఆసుపత్రికి సుమారు 25 కిలోమీటర్ల దారి. మెదడునకు ప్రాణవాయువు అందనిచో నాలుగైదు నిమిషములలోనే హాని యారంభమగును. కావున ఆ యువకుని పాలిటికి ఆసుపత్రి యనగా ఆ వాహనమే. వైద్యుడనగా ఆ వాహనమున వెనుక గూర్చున్న సేవకుడే. నీట మునిగినవానికి ముందుగా శ్వాస నొసగి, పిదప రొమ్ముపై ఒత్తవలెనని ఆ సేవకునకు దెలియునా? ఆ ఒత్తుడు నిమిషమునకు 100 మొదలు 120 సారులు, ఐదారు సెంటీమీటర్ల లోతున సాగవలెనని యెరుగునా? ఎరిగినను, తల్లి యేడ్పు చెవిని బడుచుండగా అతని చేయి తొట్రుపడక యుండునా? ఉండదని యెవరు పరీక్షించి చెప్పిరి? ఈ తుది ప్రశ్నయే నేడు మేము పాఠకుల యెదుట నుంచదలచినది.

ఆ వాహనమును గూర్చియే యొకింత విచారింతము. ముందు గూర్చున్న సారథికి ప్రభుత్వాధికారి యెదుట పరీక్ష గలదు. బండి నడిపి చూపనిదే అతనికి లైసెన్సు లభింపదు. లభించిన లైసెన్సు దేశమంతట చెల్లును. గడువు తీరిన పిదప మరల దెచ్చుకొనవలెను. ఘోరమైన తప్పు చేసినచో రద్దగును. బండికి సైతము కొలత గలదు. ఏఐఎస్-125 అను జాతీయ ప్రమాణము అంబులెన్సులను ఏ, బీ, సీ, డీ యను నాలుగు తరగతులుగా విభజించి, వాని నిర్మాణమెట్లుండవలెనో, ఏ తరగతి బండిలో ఏ పరికరములుండవలెనో నిర్ణయించుచున్నది. సారథికి పరీక్ష యున్నది, బండికి కొలత యున్నది. రోగి ప్రక్కన గూర్చుండి అతని ప్రాణమును చేత బట్టుకొన్నవానికి మాత్రము, కొలువిచ్చిన సంస్థయే తరిఫీదు నిచ్చుట, ఆ సంస్థయే పరీక్షించుట, ఆ సంస్థయే పత్రము నొసగుట మన దేశమున బహుకాలముగా సాగివచ్చిన పద్ధతి. బండి తోలువానిని నమ్ముటకు రాజముద్ర కావలసియుండగా, ఊపిరి నిలుపువానిని నమ్ముటకు యజమాని మాట చాలునా?

ఇట్లనుట 108 సేవను తక్కువ చేయుటకు గాదు. 2005 ఆగస్టు 15వ తేదీన హైదరాబాదున నారంభమైన యా సేవ తెలుగువారు దేశమునకు జేసిన గొప్ప యుపకారములలో నొకటి. అంతకు పూర్వము రోడ్డుపై గాయపడిన బీదవాడు ఆటోలోనో, లారీలోనో, బంధువుల భుజములపైననో ఆసుపత్రికి జేరవలసియుండెను. ఒకే సంఖ్య, ఉచితమైన బండి, తరిఫీదు పొందిన మనిషి అను మూటిని గలిపిన యీ యేర్పాటును తరువాత అనేక రాష్ట్రములు చేపట్టినవి. 2007లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు సహకారముతో ఆ సంస్థ పారామెడిక్కులకు రెండేండ్ల విద్యను సైతము నెలకొల్పెను. కాని కాలక్రమమున నిర్వాహకులు మారిరి. సత్యం రామలింగరాజు స్థాపించిన సంస్థ 2009లో జీవీకే వారి చేతికి వచ్చెను. ఆంధ్రప్రదేశమున 2020లో ఆ సేవను అరబిందో వారు చేపట్టిరి. ఆ యేడు జూలై 1వ తేదీన 108, 104 సేవల కొరకు 1,088 వాహనములు ఒక్కుమ్మడిగా బయలుదేరినవి. బండ్లు క్రొత్తవి వచ్చును, ఒడంబడికలు మారును. పదియేండ్లు రేయింబవళ్లు రోడ్లపై ప్రాణములు గాచిన సేవకుని నేర్పునకు గుర్తేది? యజమాని యిచ్చిన పత్రమునకు ఆ యజమాని వాకిలి దాటిన విలువ లేదు. పరీక్ష లేమి రోగికి జేయు నన్యాయ మొక్కటి. నేర్చినవానికి జేయు నన్యాయము మరియొకటి. ఈ రెండవదానిని గూర్చి మాటలాడువారే అరుదు.

విశాఖపట్నపు ప్రజలకు ఈ విషయము వినోదముగా జదువుకొనదగినది గాదు. ఇది రేవునగరము, ఉక్కునగరము, నూనెశుద్ధి కర్మాగారముల నగరము. 1997 సెప్టెంబరు 14వ తేదీన హిందూస్థాన్ పెట్రోలియం వారి కర్మాగారమున వాయువు అంటుకొని అనేకులు దగ్ధులైరి. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను ఈ తీరముననే నేలను దాకెను. 2020 మే 7వ తేదీన, ఇంకను తెల్లవారకమునుపే, ఆర్.ఆర్. వెంకటాపురమున ఎల్జీ పాలిమర్స్ కర్మాగారమునుండి స్టైరీను ఆవిరి వెలువడగా, నిద్రనుండి లేచి పరుగిడిన జనులు వీథులలోనే కూలబడిరి, పన్నిద్దరు మరణించిరి.

అట్టి వేళ సేవకుడు చేయవలసిన దేమి? మొదట గాలి యెటు వీచుచున్నదో చూచి తన్ను దాను గాచుకొనవలెను. రక్షకుడే పడిపోయిన రక్ష యెవరిది? పిమ్మట పడినవారిని ఆవిరి సోకని చోటికి జేర్చి, తడిసిన వస్త్రములు దొలగించి, కన్నులను, మేనిని నీట గడిగి, ప్రాణవాయువు నందింపవలెను. నూరుగురు పడియున్నచోట, అరచువానికంటె అరవలేనివాని యాపద యెక్కువ గావచ్చునని యెరిగి, ఎవరిని ముందు గొనిపోవలెనో క్షణములో తేల్చవలెను. ఒక బండివాడు ఒక తీరున, వేరొక బండివాడు వేరొక తీరున తేల్చినచో ఆసుపత్రి వాకిట గందరగోళమే మిగులును. ఏకరూపమైన శిక్షణ యనగా కార్యాలయపు కాగితముల ముచ్చట గాదు. ఒకరినొకరు ఎన్నడు నెరుగని పదిమంది సేవకులు ఆపదవేళ ఒకే పద్ధతిని, ఒకే మాటను గలిగియుండుట.

పరీక్ష, పత్రము, పట్టిక అనినతోడనే ఇవి పడమటి దేశముల దిగుమతులని పెదవి విరుచువారుందురు. వారు మన శాస్త్రములను దెరచి చూతురుగాక. చరకుడు చికిత్సకు నాలుగు పాదములు చెప్పెను: వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. ఆ పరిచారకునకు ఉపచారజ్ఞానము, నేర్పు, రోగియెడ అనురాగము, శుచిత్వము అను నాలుగు గుణములను విధించెను. అనురాగమొక్కటి యున్న జాలునని యాతడు చెప్పలేదు. జ్ఞానమును మొదట జెప్పెను. సుశ్రుతుడు ఇంకను ముందునకు బోయి, శిష్యుడు రోగిమీద చేయి వేయకమునుపు గుమ్మడి, సొర, దోస మున్నగు కాయలపై కోతను, మనిషి ప్రమాణము గల బొమ్మపై కట్టు గట్టుటను అభ్యసింపవలెననెను. శాస్త్రము జదివి, కర్మ జూచి, తాను జేసి, రాజానుజ్ఞ పొందినవాడే వైద్యవృత్తిలో బ్రవేశింపవలెనని శాసించెను. నేడు శిక్షణశాలలలో రబ్బరు బొమ్మల రొమ్ముపై ఒత్తి నేర్చుట సుశ్రుతుని బొమ్మకు మనుమరాలే. రాజానుజ్ఞ యనునది నేటి ప్రభుత్వపు ధ్రువపత్రమే. మన యింట బుట్టిన నియమమును మనము మరువగా, ఇతరులు నిలుపుకొనిరి.

ఎట్లు నిలుపుకొనిరో చూడుడు. అమెరికాలో 1966లో వెలువడిన యొక ప్రసిద్ధ నివేదిక, ప్రమాదమరణములను నాగరక సమాజము ఉపేక్షించిన రోగమని నిందించెను. 1970లో ఆపత్కాల వైద్యసేవకుల కొరకు నేషనల్ రిజిస్ట్రీ యను సంస్థ యేర్పడెను. అది పాఠములు చెప్పదు; పరీక్షించుటయే దాని పని. రెండేండ్లకొకసారి సేవకుడు తన నేర్పును మరల నిరూపించుకొనవలెను. బ్రిటనులో పారామెడిక్ అను పేరునే చట్టము గాపాడుచున్నది. పట్టికలో లేనివాడు ఆ పేరు పెట్టుకొనుట నేరము. నేర్పువాడు వేరు, పరీక్షించువాడు వేరు, కొలువిచ్చువాడు వేరు. ఈ యేర్పాటులోని సారమంతయు ఇంతే. అంగడివాడే తూకపురాళ్లను గూడ చేసికొన్నచో కొనువానికి దిక్కేది?

మనకు చట్టము లేదనరాదు. 2021లో పార్లమెంటు అనుబంధ, ఆరోగ్యరక్షణ వృత్తులకు జాతీయ కమిషను నేర్పరచుచు చట్టము చేసెను. దాని పట్టికలో ఎమర్జెన్సీ మెడికల్ టెక్నాలజిస్టు పేరు స్పష్టముగా నున్నది. అనుబంధ వృత్తులవారికి రెండు మొదలు నాలుగేండ్లలో కనీసము 2,000 గంటలు, ఆరోగ్యరక్షణ వృత్తులవారికి మూడు మొదలు ఆరేండ్లలో కనీసము 3,600 గంటలు విద్య గరపవలెనని అది నిర్ణయించెను. రాష్ట్రమున కొక మండలి యుండవలెననియు, వృత్తి సేయువారి పేర్లు పట్టికల కెక్కవలెననియు విధించెను. కాని మండలుల స్థాపనమే జాగై, 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు రెండు మాసముల గడువు బెట్టి, చట్టము నమలుపరుపుడని ప్రభుత్వముల నాజ్ఞాపింపవలసి వచ్చెను. చట్టము చేసినవారికి చట్టమును జ్ఞాపకము చేయుటకు న్యాయస్థానము కావలసివచ్చుట శోచనీయము గదా!

ఇప్పుడు చేయవలసిన దేమి? మండలి పేరున గది, బల్ల, కుర్చీ యేర్పడినంతమాత్రమున పని తీరదు. మొదట, 108 బండియైనను, ప్రైవేటు ఆసుపత్రి బండియైనను, కర్మాగారపు బండియైనను, రోగి ప్రక్కన గూర్చుండువానికి పాఠ్యక్రమ మొక్కటే యుండవలెను. రెండవది, శిక్షణ నిచ్చిన సంస్థకు పరీక్షలో చేయి యుండరాదు. విశాఖలో 1923 నాడే వెలసిన ఆంధ్ర వైద్యకళాశాల వంటి ప్రభుత్వ విద్యాలయములే పరీక్షాస్థానములు గావలెను. మూడవది, కాగితముపై వ్రాసిన జవాబులు చాలవు. బొమ్మపై ఊపిరి నిలిపి చూపవలెను, నెత్తురు గట్టి చూపవలెను, విరిగిన వెన్నెముక కదలకుండ రోగిని బల్లపైకి జేర్చి చూపవలెను. నాలుగవది, పరీక్ష తెలుగున జరుగవలెను. పాము గరచిన రైతుతోను, నొప్పులు పడు గర్భిణితోను సేవకుడు మాటలాడునది తెలుగే యైనపుడు, అతని నేర్పును ఆంగ్లమున గొలుచుట నేర్పును గొలుచుట గాదు, ఆంగ్లమును గొలుచుటయే. ఐదవది, రెండేండ్లకొక పునఃపరీక్ష యుండవలెను. పట్టిక యెవరైనను చూచుకొన వీలుగా నుండవలెను.

ఇందుకు రెండు ఆక్షేపణలు వినవచ్చును. నియమములు బిగించిన మన్యమునకు, పల్లెలకు మనుష్యులు దొరకరనుట మొదటిది. ఇది కొట్టివేయదగిన మాట గాదు. బండి రానిచోట ధ్రువపత్రము లెంత యున్నను ప్రయోజనము లేదు. కావుననే, నేడు పనిలో నున్నవారిని బయటికి ద్రోయరాదు. వారి యనుభవమును లెక్కగట్టి, కొరవడిన పాఠములను కొలువులో నుండగనే, జీతము గోయక, రుసుము గొనక నేర్పి, రెండు మూడేండ్ల గడువులో పరీక్షకు గూర్చుండబెట్టవలెను. తప్పినవానికి మరల అవకాశ మీయవలెను. ధ్రువపత్రములు బజారున నమ్ముడుపోవుననుట రెండవది. నిజమే; ఒకే చేయి నేర్పి, పరీక్షించి, పత్రమిచ్చుచోటనే అది మిక్కిలి సులభము. ఆ మూడు పనులను మూడు చేతులకు బంచుటయే దానికి మందు. పరీక్ష కఠినమైనచో జీతము గూడ తగినంత యుండవలెనని వేరుగ జెప్పనక్కరలేదు. నేర్పును వైద్యునివలె కోరి, కూలి మాత్రము దినకూలివలె నిచ్చుట న్యాయము గాదు.

విశాఖ రేవు 1933లో తెరవబడెను. నాటినుండి నేటివరకు ఆ యిరుకు కాలువలోనికి పెద్ద యోడ వచ్చినపుడు, ఎంత యనుభవశాలి కప్తానుడైనను, రేవు పైలటు చేతికి దానిని అప్పగింపక తప్పదు. ఆ పైలటును ఓడ యజమాని నియమింపడు. పరీక్షించి పంపునది రేవు. ఉక్కును, బొగ్గును, నూనెను మోయు నోడకు ఇంతటి జాగ్రత్త తీసికొను నగరము, భీమునిపట్నపు తీరమునుండి పాతిక కిలోమీటర్ల దారి వెంట ప్రాణమును మోయు బండిని గూర్చి అంతకంటె తక్కువ జాగ్రత్తతో తృప్తి నొందవచ్చునా? చట్టమున్నది, కళాశాల యున్నది, నేర్చుకొన నుత్సాహము గల యువకులున్నారు. కొరవడినది కార్యదీక్ష యొక్కటే. రాష్ట్రప్రభుత్వమువారు ఇకనైన జాగుసేయక పరీక్షాపద్ధతిని ప్రకటించి, తొలి పరీక్షకు దినము నిర్ణయింపవలెనని ప్రజల పక్షమున గోరుచున్నాము. అంతవరకు, సైరను మ్రోగించుచు బండి మన వీథిలో బోవునపుడెల్ల, లోపల గూర్చున్నవాని చేతి నేర్పునకు పూచీ యెవరని మనలను మనము ప్రశ్నించుకొనుచునే యుండవలెను.