పద్ధతికి పట్టా వద్దు

వ్యాపార పద్ధతుల పేటెంట్లకు వ్యతిరేకంగా ఉమ్మడి అనంతపురం జిల్లా నుంచి ఒక ప్రణాళిక

ఎవరం, ఎందుకు కలిశాం

మేం అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాల రైతులం, కౌలుదారులం, మగ్గం నేసేవాళ్లం, పొదుపు సంఘాల మహిళలం, చిన్న అంగళ్లవాళ్లం, కోడు రాసే కుర్రవాళ్లం. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన పడే నేల మాది. ఆ వానైనా వేరుశనగ ఊడలు దిగే అదనుకు పడుతుందన్న భరోసా లేదు. అందుకే ఇక్కడ నష్టాన్ని ఎలా పంచుకోవాలన్నదే పెద్ద విద్య. భూమిని కోరుకు, అంటే పంటలో వాటాకు ఇస్తే, వాన రాని ఏడు భూమి ఉన్నవాడూ దున్నినవాడూ ఇద్దరూ నష్టపోతారు. గుత్తకు, అంటే ముందే ఖాయం చేసిన కౌలుకు ఇస్తే, నష్టమంతా దున్నినవాడి నెత్తినే. చీటీ పాటలో అవసరం ముంచుకొచ్చినవాడు తగ్గించి పాడుకుని ముందే ఎత్తుకుంటాడు, ఆ తగ్గింపును మిగతావాళ్లు పంచుకుంటారు.

ఇవన్నీ వ్యాపార పద్ధతులే. చూసి నేర్చుకున్నందుకు ఎవరూ ఎవరికీ రుసుము కట్టలేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు సారా మీద తిరగబడ్డారు. ఆ ఊపులోనే జిల్లా అంతటా పొదుపు సంఘాలు లేచాయి. ఆ తర్వాత రాష్ట్రంలో ఊరూరా మహిళలు పుస్తకం పెట్టి లెక్క రాసుకున్నారు. ఎవరి అనుమతీ అడగక్కర్లేకపోయింది కాబట్టే ఆ పద్ధతి అంత త్వరగా పాకింది.

ముప్పు ఏమిటి

పేటెంటు అంటే 20 ఏళ్ల గుత్తాధిపత్యం. యంత్రానికో మందుకో ఇచ్చే ఆ హక్కును అమెరికాలో 1998 నాటి స్టేట్ స్ట్రీట్ తీర్పు తర్వాత వ్యాపార పద్ధతులకూ ధారాళంగా ఇచ్చారు. ఒక్క నొక్కుతో సరుకు కొనే పద్ధతికి 1999 సెప్టెంబరులో పేటెంటు పొందిన అమెజాన్, మరుసటి నెలలోనే బార్న్స్ అండ్ నోబుల్ అనే పుస్తకాల సంస్థను కోర్టుకు లాగింది.

మాకు ఇంకా దగ్గరి సంగతి బిల్‌స్కీ కేసు. వాతావరణం మారితే ఇంధన వ్యాపారంలో వచ్చే నష్టాన్ని అటూ ఇటూ ఒప్పందాలతో సరిదిద్దుకునే పద్ధతి తమదని ఇద్దరు వ్యక్తులు 1997లో దరఖాస్తు పెట్టారు. 2010లో అక్కడి సుప్రీంకోర్టు కుదరదంది. అలాగని వ్యాపార పద్ధతులన్నిటికీ తలుపు మూయలేదు.

ఇప్పుడు మన లెక్క చూడండి. 2003లో మహబూబ్‌నగర్ జిల్లాలో బేసిక్స్ అనే సూక్ష్మరుణ సంస్థ, ఐసీఐసీఐ లాంబార్డ్ అనే బీమా కంపెనీ కలిసి వేరుశనగ, ఆముదం రైతులకు వాన కొలతను బట్టి చెల్లించే బీమా మొదలుపెట్టాయి. 2007లో కేంద్రమే ఆ తరహా పంటల బీమా తెచ్చింది. ఆ పద్ధతి మీద 2003లో ఎవరైనా దరఖాస్తు పెట్టి పేటెంటు పొంది ఉంటే, 2023 దాకా మన కరువు లెక్క వేయడానికి వాళ్ల అనుమతి కావాల్సి వచ్చేది.

చట్టం ఎక్కడుంది

మన పేటెంట్ల చట్టం మన పక్షానే ఉంది. సెక్షన్ 3(కె) ప్రకారం గణిత పద్ధతి, వ్యాపార పద్ధతి, ఉత్త కంప్యూటర్ ప్రోగ్రాము, ఆల్గారిథం ఆవిష్కరణలు కావు. 3(హెచ్) ప్రకారం సేద్యపు పద్ధతీ కాదు. ప్రకటనల వేలం పద్ధతికి పేటెంటు కోరిన యాహూకు 2011లో చెన్నైలోని మేధోసంపత్తి అప్పిలేట్ బోర్డు, అది వ్యాపార పద్ధతి అన్న కారణంతోనే కాదని చెప్పింది.

కానీ ఈ రోజు వ్యాపార పద్ధతి ఫోను యాప్‌లో కూర్చుని వస్తుంది. అందుకే ఒత్తిడంతా సాఫ్ట్‌వేర్ వాకిలి దగ్గరే. 2004 డిసెంబరు ఆర్డినెన్సు ఆ వాకిలి తెరవబోతే 2005లో పార్లమెంటు మూసింది. పేటెంటు కార్యాలయం 2015 ఆగస్టు మార్గదర్శకాలు మళ్లీ తెరవబోతే పౌరసంస్థలు, చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థలు అభ్యంతరం చెప్పి డిసెంబరులో ఆపించాయి. 2021లో పార్లమెంటరీ స్థాయీ సంఘం, ఆల్గారిథాలను పరికరానికి ముడిపెట్టి పేటెంట్లు ఇవ్వాలని సూచించింది. 2023లో ఢిల్లీ హైకోర్టు వ్యాపార పద్ధతికి నిషేధం సంపూర్ణమని చెబుతూనే, 3(కె) మినహాయింపులను మళ్లీ పరిశీలించమంది.

మా మాట

పేటెంటు లేకపోతే కొత్త ఆలోచన ఎవరు చేస్తారని అడుగుతారు. కొత్త వానమాపకం కనిపెట్టినవాడికి పేటెంటు ఇవ్వండి, మేం అడ్డం రాం. రాసిన కోడుకు కాపీరైటు ఉంది, పేరుకు ట్రేడ్‌మార్కు ఉంది. ఇక పద్ధతి విషయానికొస్తే, దాన్ని ముందు మొదలుపెట్టి బాగా నడిపినవాడికి గిరాకీయే ప్రతిఫలం. పక్కవాడు అంతకన్నా బాగా నడిపితే అతన్ని ఆపే హక్కు ఎవరికీ ఉండకూడదు.

మా డిమాండ్లు

1. సెక్షన్ 3(కె)లో ఒక్క మాట కూడా తగ్గించకూడదు. పాత పద్ధతిని ఫోనులో పెట్టడం ఆవిష్కరణ కాదని మార్గదర్శకాల్లో తేటగా రాయాలి.

2. పేటెంటు మంజూరుకు ముందు ఎవరైనా అభ్యంతరం చెప్పే హక్కు సెక్షన్ 25(1)లో ఉంది. 2024 నిబంధనలు దానికి రుసుము పెట్టాయి. రైతులకు, సహకార సంఘాలకు ఆ రుసుమును రద్దు చేయాలి.

3. సేద్యం, అప్పు, బీమా, మార్కెటింగ్‌కు సంబంధించిన దరఖాస్తుల సారాంశం తెలుగులో ఇవ్వాలి. అర్థం కాని కాగితం మీద అభ్యంతరం చెప్పలేం.

4. ప్రభుత్వ సొమ్ముతో తయారైన బీమా లెక్కలు, కొనుగోలు పద్ధతులు అందరూ వాడుకునేలా ప్రచురించాలి.

మేం చేసే పని

పేటెంట్ జర్నల్ ప్రతి శుక్రవారం వెలువడుతుంది. కోడు రాసే పిల్లలు దాన్ని చదివి, మన బతుకుకు తగిలే దరఖాస్తులను ఏరి, తెలుగులో చెబుతారు. కోరు, గుత్త, చీటీ, విత్తనం అప్పు, సంఘం లెక్క వంటి మన పద్ధతులను మండలాల వారీగా, తేదీలతో, పాత లెక్కల పుస్తకాల నకళ్లతో నమోదు చేస్తాం. కొత్తదని ఎవరైనా వచ్చినప్పుడు, ఇది పాతదేనని చెప్పడానికి అదే సాక్ష్యం. పసుపు పేటెంటును 1997లో అమెరికాలో కొట్టేయించింది రాతలో ఉన్న ఆధారాలే. దరఖాస్తు ఏ పేటెంటు కార్యాలయంలో పడితే అభ్యంతరాలు అక్కడ వేస్తాం.

సభ్యత్వం

రుసుము లేదు, ఒక్క షరతుంది. మీకు తెలిసిన పద్ధతిని అడిగినవాళ్లకు దాచకుండా నేర్పాలి, నేర్పిన తేదీ సంఘం పుస్తకంలో రాయాలి. దీనికి ఒప్పుకున్న ప్రతి ఒక్కరూ ఈ ఉద్యమంలో సభ్యులే.