తాతయ్యలకూ ఒక టెస్ట్ పెడదాం



యూనిట్ టెస్టులో పిల్లలకు రెండు మార్కులు తగ్గితే మర్నాడే మీ దగ్గర్నుంచి ఫోన్ వస్తుంది. మంచిదే, ఆ శ్రద్ధ ఉండాలి. కానీ సాయంత్రం ఆ పిల్లల్ని స్కూల్ బస్సు దగ్గర దించుకుని, బ్యాగు తన భుజాన వేసుకుని ఇంటికి తీసుకెళ్లే తాతయ్య ఎలా నడుస్తున్నారో మనం చివరిసారి ఎప్పుడు చూశాం?

మా ఇంట్లో మేమూ చూడలేదు. మా నాయనమ్మ బాత్‌రూమ్‌లో జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయ్యాక తెలిసింది, అంతకుముందే ఆవిడ రెండుసార్లు పడిందని. ఎందుకు చెప్పలేదని అడిగితే, "చెబితే నన్ను మామిడితోటకు వెళ్లనివ్వరుగా" అంది. నిజమే, వెళ్లనిచ్చేవాళ్లం కాదు.

ప్రమాదవశాత్తూ జరిగే మరణాల్లో రోడ్డు ప్రమాదాల తర్వాతి స్థానం కిందపడటానిదేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఏటా 6,84,000 మంది ఇలా పోతున్నారు. వారిలో ఎక్కువమంది పెద్దవాళ్లే.

అందుకే ఈ నెల మీకూ ఒక హోంవర్క్. 1991లో కెనడాలో పాడ్సియాడ్లో, రిచర్డ్‌సన్ అనే ఇద్దరు రూపొందించిన చిన్న పరీక్ష ఇది. చేతులున్న కుర్చీ వేయండి. దానికి 3 మీటర్ల దూరంలో, అంటే దాదాపు పది అడుగుల్లో, చాక్‌పీస్‌తో గీత గీయండి. పెద్దవారు రోజూ వేసుకునే చెప్పులతోనే, చేతికర్ర అలవాటుంటే దానితోనే, లేచి మామూలు వేగంతో గీత దాకా నడిచి, తిరిగి వచ్చి కూర్చోవాలి. "లేవండి" అన్నప్పటి నుంచి కూర్చునేదాకా ఫోన్‌లో టైమ్ చూడండి. పక్కనే పెద్దవాళ్లు ఒకరు తోడుగా నిలబడాలి. టైమ్ చూసే పని మాత్రం పిల్లలకే ఇవ్వండి. మనం అడిగితే "నాకేం, బాగానే ఉన్నా" అనే తాతయ్య, మనవరాలు అడిగితే నిజం చెబుతారు.

12 సెకన్లు, అంతకన్నా ఎక్కువ పడితే పడిపోయే ముప్పు ఉన్నట్టు లెక్క. అంకె ఒక్కటే చాలదు. గోడ పట్టుకుంటున్నారా, కాళ్లు ఈడుస్తున్నారా, తిరిగేటప్పుడు తూలుతున్నారా అన్నది కూడా చూడండి. "ఈ మధ్య శోభనాద్రి కొండ మెట్లు ఎక్కడం మానేశాను" అంటే, అది భక్తి తగ్గడం కాకపోవచ్చు.

ఫలితం చూశాక మనం చేసే పెద్ద తప్పు ఒకటుంది. "ఇక మీరు ఎక్కడికీ కదలకండి" అంటాం. కూర్చోబెట్టే కొద్దీ కాళ్లలో బలం పోతుంది, పడిపోయే ముప్పు ఇంకా పెరుగుతుంది. పైగా ఈసారి పడితే మనకు చెప్పరు. లెక్కల్లో వెనకబడిన పిల్లవాణ్ని లెక్కలు మాన్పించం కదా! ఎక్కడ తడబడుతున్నాడో చూస్తాం. ఇక్కడా అంతే. డాక్టరుకు చూపించి, కళ్లు, లేచి నిలబడ్డప్పటి బీపీ, వాడుతున్న మాత్రలు చెక్ చేయించండి. అరిగిన చెప్పులు మార్చండి. బాత్‌రూమ్‌లో పట్టుకోవడానికి ఒక రాడ్ బిగించండి, రాత్రి అక్కడొక లైటు ఉంచండి. డాక్టరు సరేనంటే వారానికి కనీసం మూడు రోజులు కాళ్ల బలానికి, నిలకడకు వ్యాయామం చేయించండి.

మా నాయనమ్మ ఇప్పుడు వాకర్‌తో వసారా దాకా వస్తుంది, తోట వైపు చూస్తూ కూర్చుంటుంది. మీ ఇంటి పెద్దవాళ్లు ఈ కాపుకీ, వచ్చే కాపుకీ తోటలోకి నడిచి వెళ్లాలి. మూడు నెలల తర్వాత అదే కుర్చీ, అదే గీతతో మళ్లీ టెస్ట్ పెట్టండి. ఈ ఆదివారం మొదలుపెడితే, వచ్చే పేరెంట్స్ మీటింగ్‌లో పిల్లల మార్కులతో పాటు తాతయ్య సెకన్లు కూడా అడుగుతాను.

మీ పిల్లల ఇంగ్లీష్ టీచర్, ఆగిరిపల్లి