జేబులో పట్టే గాలపు కర్ర

విశాఖపట్నం నుంచి ఒక అబ్బాయి ఈ నెల మనల్ని ఇలా అడిగాడు: "కలంలాగా జేబుకు తగిలించుకునే గాలపు కర్ర ఒకటి అమ్ముతున్నారు. మూత తీసి లాగితే గజం పొడుగు సాగుతుంది. దానికి చిన్న రీలు కూడా ఉంది. నేను దాచుకున్న డబ్బుతో కొనుక్కోవచ్చునా? అది ఉత్త ఆటవస్తువని నాన్నగారు అంటున్నారు."

పిల్లలూ! దీనికి జవాబు చెప్పేముందు ఇంకో ప్రశ్న వేసుకుందాం. చేపను పట్టేది గాలం కదా, మరి కర్ర దేనికి?

విశాఖ తీరంలో జాలరులు తాతల కాలంనుంచీ కర్ర లేకుండానే గాలం వేస్తున్నారు. దుంగలను తాళ్ళతో కట్టిన తెప్పమీద సముద్రంలోకి పోయి, గాలానికి ఎర గుచ్చి, తాడు చేత్తో వదిలి, చేప కొరికితే వేళ్ళతోనే పసికట్టేవారు. ఇప్పుడు చాలాచోట్ల దుంగల తెప్పలకు బదులు ఇంజను బిగించిన ఫైబరు పడవలు వచ్చాయి, నూలు తాడుకు బదులు తంగూసు వచ్చింది. అయినా చేతిగాలం పోలేదు. పెద్ద పెద్ద సూర చేపలను, కోనాం చేపలను నేటికీ ఇలాగే పడుతున్నారు.

పడవలో ఉన్నవాడికి గాలం కిందికి వదిలితే చాలు. గట్టుమీద ఉన్నవాడు దాన్ని దూరంగా విసరాలి. కర్ర అవసరం అక్కడ వస్తుంది. మీ చెయ్యి ఒక వేగంతో తిరిగితే కర్ర కొస అంతకన్న ఎక్కువ వేగంతో తిరుగుతుంది. మూడు గజాల కర్రనూ గజం కర్రనూ ఒకే వేగంతో తిప్పగలిగితే, పొడుగు కర్ర కొస మూడింతల వేగంతో కదులుతుంది. (పొడుగు కర్రను అంత వేగంగా తిప్పడం కొంచెం కష్టమే అనుకోండి.) గాలం ఎంత దూరం పోయేదీ ఆ వేగాన్నిబట్టే ఉంటుంది.

కర్ర చేసే రెండో పని ఇంకా చిత్రమైనది. దీన్ని మీరు ఇంట్లోనే చూడవచ్చు. కుట్టుదారం ఒకటి తీసుకుని, అది తెగకుండా మోయగలిగినంత బరువున్న రాయిని కట్టండి. దారాన్ని చేత్తో పట్టుకుని చటుక్కున పైకి లాగండి. దారం పుటుక్కున తెగుతుంది. ఇప్పుడు అలాంటి దారాన్నే సన్నని వెదురుబద్ద కొసకు కట్టి, బద్ద రెండో చివర పట్టుకుని అలాగే లాగండి. బద్ద వంగుతుంది, దారం చాలాసార్లు నిలుస్తుంది. (రాయి కాలిమీద పడకుండా దూరంగా నిలబడండి!) చేప గింజుకున్నప్పుడు కర్ర కూడా ఇలా వంగి, ఆ కుదుపును తనలోకి తీసుకుంటుంది. వంగడమే దాని పని.

ఇక కలం కర్ర సంగతి. మడిచినప్పుడు అది జానెడు, సాగదీస్తే గజం. పాత ట్రాన్సిస్టరు రేడియో ఏరియల్ లాగా గొట్టంలో గొట్టం, అందులో ఇంకో గొట్టం దూరి ఉంటాయి. లెక్క వేసి చూడండి. 100 సెంటీమీటర్ల కర్రను 20 సెంటీమీటర్ల ముక్కలతో చెయ్యాలంటే అయిదు ముక్కలు. కాని ప్రతి ముక్కా తరువాతి ముక్కలో కొంత దూరి ఉండాలి. కనుక ఆరైనా కావాలి. అన్నిటికన్న లావైన గొట్టమే కలమంత లావయితే, ఆరో ముక్క ఎంత సన్నగా ఉండాలో ఊహించండి! ఒకే పదార్థంతో చేసిన రెండు కడ్డీలలో ఒకటి రెండోదానికి రెండింతలు లావుంటే, అది వంగకుండా నిలిచే శక్తి రెండింతలు కాదు, 16 రెట్లు. తిరగేసి చెబితే, లావు సగమైతే ఆ శక్తి పదహారోవంతు. కలం కర్ర కొస ఊరికే వంగిపోవడానికి కారణం ఇదే.

ఇంతకూ ఇలా మడిచే కర్ర కొత్తదేమీ కాదు. అమెరికాలో బ్రిస్టల్ అనే ఊళ్ళో ఎవరెట్ హోర్టన్ అనే ఆయన 1887లోనే గొట్టాల ఉక్కు కర్రకు పేటెంటు తీసుకున్నాడు. దారం బయట కాక గొట్టం లోపలినుంచే పోయేది. ఆ రోజుల్లో అక్కడ ఆదివారం చేపలు పట్టడం తప్పుగా ఎంచేవారట. పంట్లాములో దాచుకుపోవడానికే ఆయన దాన్ని తయారు చేశాడని ఒక కథ ఉంది. తరువాత 1940లలో గాజుపోగులను జిగురులో గట్టిపరచిన ఫైబరుగ్లాసు కర్రలు, 1970లలో కార్బన్ కర్రలు వచ్చాయి. మన జాలరుల కొత్త పడవా, మీ కలం కర్రా చాలావరకు ఒకే సరుకుతో చేసినవే!

జపానులో తెంకారా అనే పద్ధతి ఉంది. ఆ కర్రా గొట్టాలదే. మడిస్తే మూరెడు, సాగితే మూడున్నర గజాలు. రీలు ఉండదు, దారం కొసకే కట్టి ఉంటుంది. కొండవాగులలో అది చక్కగా పనిచేస్తుంది. కాబట్టి మడవడంలో దోషం లేదు. జేబులో పట్టాలని మరీ కుదించడంలోనే ఉంది.

కలం కర్రతో చేపలు పడవా? పడతాయి. చెరువు గట్టునో, కదలని నీటి పక్కనో బెత్తెడు చేపలకు అది చాలు. సముద్రం దగ్గర మాత్రం మూడు చిక్కులున్నాయి. గాలం దూరం పోదు. ఒక్క ఇసుకరేణువు చేరినా గొట్టాలు పట్టేసి ముడుచుకోవు. ఉప్పునీరు చిన్న రీలును త్వరగా తినేస్తుంది. ఉన్న డబ్బుతో ఒక్కటే కొనగలిగితే ఇది వద్దనే నా మాట. మడిస్తే మూరెడుండి సాగితే రెండు గజాలయ్యే ఫైబరుగ్లాసు కర్ర మేలు. అంతకన్న చవకది కావాలంటే సన్నని వెదురు ఉండనే ఉంది.

విశాఖ నీళ్ళలో ఏమి పడతాయంటారా? పాట్రిక్ రస్సెల్ అనే వైద్యుడు విశాఖలో సేకరించిన 200 చేపలను వర్ణిస్తూ 1803లో లండనులో ఒక గ్రంథం ప్రచురించాడు. చేపలకు అక్కడి తెలుగు పేర్లే వేశాడు. మనం తినే కానాగంతకు శాస్త్రజ్ఞులు నేటికీ వాడే పేరు రాస్ట్రెల్లిజర్ కనగుర్త. ఆ రెండో ముక్క రస్సెల్ రాసుకున్న మన మాటే! ప్రపంచంలో ఏ దేశపు శాస్త్రజ్ఞుడైనా ఆ చేపను తెలుగు పేరుతోనే పిలవాలి.

ఇక పెద్దలు కూడా చదవవలసిన మాటలు. కర్ర లేకుండా గాలం వేసేటప్పుడు తంగూసును చేతికి చుట్టుకోకూడదు. 2025 జూలైలో పూడిమడక నుంచి వేటకు పోయిన అనుభవజ్ఞుడైన జాలరినే గాలానికి తగిలిన కొమ్ముకోనాం సముద్రంలోకి లాక్కుపోయింది. పిల్లలు తంగూసును చెక్కకు చుట్టి, ఆ చెక్కనే పట్టుకోవాలి. కార్బన్ కర్రలో విద్యుత్తు ప్రవహిస్తుంది కనుక కరెంటు తీగల కిందా, ఉరుములప్పుడూ దాన్ని ఎత్తకూడదు. ఓడలు తిరిగే చోటికీ, పాచి పట్టిన రాళ్ళమీదికీ పోవద్దు. మరెక్కడికైనా పెద్దవాళ్ళను వెంటబెట్టుకునే పోవాలి.

కలం కర్రను ఇప్పటికే కొన్నవాళ్ళు దాన్ని విదిలించి తెరవకండి. కొసముక్క మొదట లాగి, వరసగా లావు ముక్కలకు రండి. ఇంటికి రాగానే మంచినీళ్ళతో కడిగి, ఆరిన తరువాతే మూత పెట్టండి.