థెరపీ గదిలో మన భాషకు చోటేదీ?

ఆటిజం ఉన్న బిడ్డకు ప్రవర్తనా చికిత్స వెతుక్కుంటూ వెళ్లే తల్లిదండ్రులు ముందుగా ఫీజు అడుగుతారు, ఆ తరువాత దూరం అడుగుతారు. నెలనెలా జీతం చాలని ఇళ్లలో ఆ రెండూ అడగక తప్పదు. అయితే అంతకంటే ముందే అడగవలసిన ప్రశ్న ఒకటుంది. బిడియం వల్ల మన కుటుంబాలు దానిని గొంతులోనే దాచుకుంటున్నాయి. ఇక్కడ మా బిడ్డతో ఏ భాషలో మాట్లాడతారు?

పాతబస్తీలోనో, కర్నూలులోనో దక్కనీ ఉర్దూ వింటూ పెరిగిన నాలుగేళ్ల పిల్లవాణ్ణి ఊహించండి. కేంద్రంలో ఇంగ్లీషు బొమ్మల కార్డులు చూపి 'వాటర్' అనడం నేర్పుతారు. ఇంటికి వస్తే దాదీ "పానీ హోనా?" అని అడుగుతుంది. వాడికి ఆ రెండింటికీ పొత్తు కుదరదు. పైగా, "ఇంట్లో ఒకే భాష మాట్లాడండి, ఇంగ్లీషైతే మేలు" అనే సలహా ఒకటి. రెండు భాషల మధ్య పెరగడం వల్ల ఆటిజం ఉన్న పిల్లలకు మాటలు మరింత ఆలస్యమవుతాయనడానికి పరిశోధనలలో ఆధారం దొరకలేదు. ఆ సలహా పాటించిన తల్లి తనకు రాని భాషలో నాలుగు ముక్కలు పలికి ఊరుకుంటుంది. బిడ్డతో అందరికంటే ఎక్కువగా మాట్లాడే మనిషి నోరు అలా మూతపడుతుంది. (దూదేకుల కుటుంబాల వంటి తెలుగు మాట్లాడే ఇళ్లలో ఈ చిక్కు కొంత తక్కువే, అక్కడా ఇంగ్లీషు మోజు మాత్రం ఉన్నదే.)

ఇక పద్ధతి సంగతి. ఎక్కువగా వినిపించే పేరు ఏబీఏ. 1987లో అమెరికాలో లోవాస్ అనే మనస్తత్వవేత్త 19 మంది చిన్నపిల్లలకు వారానికి 40 గంటల శిక్షణ ఇచ్చి, వారిలో 9 మంది సాధారణ స్థితికి చేరారని ప్రకటించాడు. ఆ లెక్క చూపి నేటికీ గంటలు అమ్మేవారున్నారు. నాటి శిక్షణలో గద్దించడం, తొడమీద కొట్టడం కూడా ఉండేవన్న సంగతి మాత్రం చెప్పరు. ఈ తరహా తీవ్ర శిక్షణపై 2018లో వెలువడిన కొక్రేన్ సమీక్ష, ఫలితాల ఆధారాలు బలహీనంగానే ఉన్నాయని తేల్చింది. కనుక ఏబీఏ అన్నంతనే పారిపోనక్కరలేదు, మొక్కనూ అక్కరలేదు. లక్ష్యాలేమిటో అడగండి. చేతులు ఆడించకుండా కూర్చోబెట్టడం, కళ్లలోకి చూసేలా చేయడమే లక్ష్యమైతే అది చూసేవారి సౌకర్యం కోసం. ఆకలి, నొప్పి, 'వద్దు' అన్న మాట చెప్పడం నేర్పితే అది బిడ్డ కోసం. తలుపు మూసి తల్లిని బయట కూర్చోబెట్టే చోటును, ఆరు నెలల్లో నయం చేస్తామనే చోటును వదిలివేయండి. థెరపిస్టు పేరు భారత పునరావాస మండలి రిజిస్టరులో ఉందో లేదో చూడండి.

దువా చేయించడం, తావీజు కట్టించడం ఎవరి విశ్వాసం వారిది. వాటి పేరిట మొదటి ఏళ్లు జారిపోవడమే నా బాధ. జిల్లా సత్వర చికిత్సా కేంద్రాలు ఉచితమైనవి. సికింద్రాబాదులో జాతీయ సంస్థ నీపిడ్ ఉంది. వైకల్య ధ్రువపత్రం తీసుకుంటే అక్కచెల్లెళ్ల సంబంధాలు తప్పిపోతాయని భయపడి బీరువా దాకా కూడా రానివ్వని ఇళ్లున్నాయి. ఆ పత్రం లేనిదే జాతీయ ట్రస్టు వారి నిరామయ బీమా అందదు. ఏడాదికి లక్ష రూపాయల వరకు రక్షణ ఇచ్చే ఆ పథకంలో థెరపీ ఖర్చుకూ వాటా ఉంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఆటిజాన్ని స్పష్టంగా గుర్తించింది. నిర్దిష్ట స్థాయి వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచిత విద్య హక్కు అని చెప్పింది.

ఉర్దూ తెలంగాణలోనూ, 2022 నుంచి ఆంధ్రప్రదేశ్‌లోనూ రెండవ అధికార భాష. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధన అందించాలని రాజ్యాంగం 350ఎ అధికరణం అంటున్నది. మనం ఆ హక్కును కార్యాలయాల బోర్డుల దగ్గర, ఉపాధ్యాయ పోస్టుల దగ్గర అడిగాము. థెరపీ గది దగ్గర అడగలేదు. మన సంఘాలు ఈసారి కలెక్టరుకు ఇచ్చే వినతిపత్రంలో రెండు అంశాలు చేర్చాలి: జిల్లా కేంద్రంలో ఉర్దూ తెలిసిన ఒక్క స్పీచ్ థెరపిస్టు అయినా ఉండాలి, తల్లిదండ్రులకిచ్చే సూచనల పత్రం ఉర్దూలోనూ ముద్రించాలి. డిగ్రీ చదువుతున్న మన ఆడపిల్లలకు ప్రత్యేక విద్య, స్పీచ్ థెరపీ కోర్సుల సంగతి కూడా ఎవరైనా చెప్పాలి. స్కాలర్‌షిప్పులిచ్చే మన ట్రస్టుల దృష్టి ఇంకా ఇంజనీరింగు మీదే ఉంది.